నాభి నీళ్లలో చిక్కుడు వేర్లు

ఎసిటిక్ యాసిడ్ సీసా మూత తీయగానే మా విద్యార్థులు ముక్కు మూసుకుంటారు. "మేడం, కిటికీ తెరవమంటారా?" అని అడుగుతారు. నాకేమో ఆ ఘాటు తగలగానే మా ఇంటి పంచ, పంచలో తడికకు ఆనుకుని కూర్చున్న మా నాయనమ్మ కళ్ల ముందుకొస్తుంది. మొన్న మా డిగ్రీ కాలేజీ ల్యాబులో పాత బీరువా సర్దుతుంటే కణాలకు పట్టించే కార్మైన్ రంగు ఎండి గడ్డకట్టిన సీసా ఒకటి దొరికింది. పారేయమని అటెండర్ చేతికిచ్చి, మధ్యాహ్నం క్లాసు ఇంకొకరికి అప్పజెప్పి ఇంటికి వచ్చేశాను. ఇప్పుడు రాయకపోతే ఇంకెప్పుడూ రాయననిపించింది.

మాది భద్రాచలం దాటి, తారు రోడ్డు వదిలి, ఎర్రమట్టి బాటలో చాలాదూరం నడిస్తే వచ్చే కోయగూడెం. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే భద్రాచలం దాకా వచ్చి, అడవిలోకి రావడానికి జంకుతున్న కాలం. మా ఇంట్లో మాట్లాడుకునేది కోయమాట. చదివేవాళ్ల కోసం ఇక్కడ అందరి చేతా మా వైపు తెలుగు మాట్లాడిస్తున్నాను. ఇంట్లో అమ్మ, నాయన, నాయనమ్మ, నేను. నాయన పోడు చేసేవాడు, ఎండాకాలం తునికాకు కల్లానికి పోయేవాడు. తెల్లవారగానే ఇంట్లో మొదట వచ్చేది తడికట్టెల పొగ వాసన, ఆ వెనకే జొన్న గటక అడుగంటిన వాసన. అమ్మకు గటక అడుగంటకుండా వండడం ఎన్నడూ చేతకాలేదు, నాయన ఆ మాట ఎన్నడూ పైకి అనలేదు. ఆ పొగే అటక మీదికి పోయి నాయనమ్మ దాచిన విత్తనాలకు పట్టేది. ఎండిన సొరబుర్రల్లో బూడిద కలిపి పోసిన కంది, అలసంద, ఉలవ, పెసర. ఏ బుర్రలో ఏముందో గుర్తుకు ఆమె ఏమీ కట్టేది కాదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపి, చప్పుడు విని చెప్పేది. సగంసార్లు తప్పు చెప్పేది. బుర్ర తెరిచి కందులు చూపించినా, "ఉలవలే. ఎవరో మార్చిన్రు" అని దబాయించేది. నా మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందని మా ఇంట్లో ఎవరూ వెతుక్కోలేదు.

ఆ బుర్రల్లో ఒకటి చిక్కుడుది. ఇంటి వెనక కంచె మీద పాకే ఆ చిక్కుడు గూడెంలో ఇంకెవరి దగ్గరా లేదు. నాయనమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనం. ఆకు మందంగా, నలిపితే బరకగా ఉండేది. గింజ బొటనవేలి గోరంత. పీజీలో చేరిన ఏడాది ఆకులూ గింజలూ కొన్ని హాస్టల్‌కు తీసుకుపోతే, కుసుమంచి నుంచి వచ్చిన నా రూమ్మేటు అవి చిక్కుడు గింజలంటే నమ్మలేదు. వృక్షశాస్త్రం చెప్పే మా మేడం మాత్రం ఆకును వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు. "ఇంత మందం ఆకు, ఇంత లావు గింజ. ఇది పాలీప్లాయిడ్ అయినా కావచ్చు. నీ ప్రాజెక్టు ఇదే. దసరా సెలవుల్లో లెక్కపెట్టుకుని రా. నలభై నాలుగు వచ్చిందంటే నిన్ను పీహెచ్‌డీలో తీసుకోమని నేను ఎవరితోనైనా కొట్లాడతాను" అన్నారు.

ఏమిటా లెక్క అంటే, ప్రతి కణంలోనూ క్రోమోజోములని సన్నటి పోగులుంటాయి. కణం రెండుగా చీలే సమయంలో రంగు పట్టిస్తే, అవి చెదిరిన అగ్గిపుల్లల్లా విడివిడిగా కనబడతాయి. ఒక్కో జాతి మొక్కకు ఇన్ని అని లెక్క ఉంటుంది. మనం తినే పప్పుజాతిలో కందికి, పెసరకు, మినుముకు, అలసందకు, మామూలు చిక్కుడుకు ఇరవై రెండు. అందరూ ఒక ఇంటివాళ్లలా ఉంటారు. కానీ అదే కుటుంబంలో వేరుశనగకు నలభై. ఎప్పుడో రెండు వేరు వేరు అడవి మొక్కలు కలిసి, ఆ పుట్టినదానిలో పోగులు రెండింతలై వేరుశనగ అయింది. మా అడవిలో సండ్రచెట్టుకు ఇరవై ఆరుంటే, దాని చుట్టమే అయిన నల్లతుమ్మకు యాభై రెండు. ఇట్లా రెండింతలూ అంతకు మించీ కావడాన్ని పాలీప్లాయిడీ అంటారు. మా తెలుగు మీడియం పుస్తకంలో బహుస్థితికత అని ఉండేది. అట్లాంటి మొక్కలకు తరచుగా ఆకు మందం, గింజ లావు. మేడం ఆశ అదే. నా ఆశ అంతకంటే పెద్దది.

లెక్కపెట్టడానికి సులువైన దారి పూమొగ్గ. కానీ మాకు కొత్తలు అని ఉంటాయి. కొత్తగా కాసినదాన్ని దేవరకు పెట్టి, అందరూ కలిసి పండుగ చేసుకునేదాకా నోట పెట్టరు. మా ఇంట్లోనైతే చిక్కుడు కొత్తలు కాకముందు ఆ పాదు మీద చెయ్యి వేయడమే తప్పు. మొగ్గ కావాలని నేను అడగనైనా అడగలేదు. ఇక మిగిలింది వేరు. పాత గింజల్ని తడిగుడ్డలో మొలకెత్తించి, వేరు కొసను తీసుకోవచ్చు. అయితే వేరు కొసలో పోగులు చిక్కుపడి ఉంటాయి, అవి విడివడాలంటే ముందు కొన్ని గంటలు ఒక మందులో ఉంచాలి. ఆ మందు డిపార్టుమెంటు బీరువాలో తాళం వేసి ఉంది, ఊరికి తీసుకుపోనివ్వరు. మంచుగడ్డల్లో పెట్టినా పనవుతుంది. మా గూడెంలో మంచుగడ్డ ఎక్కడిది? అప్పుడు మేడం క్లాసులో అన్న మాట గుర్తొచ్చింది. ఆ మందు మన అడవినాభి దుంపలోనూ ఉందట. వానాకాలం పోతుంటే మా వాగు పొడుగునా ఎర్రగా పసుపుగా మండుతూ పూసేది అడవినాభే.

సెలవులకు వచ్చిన రోజు నాయనమ్మ పక్కన కూర్చుని గింజలు ఏరుతూ ఈ లెక్కల సంగతి చెప్పాను, నాభి మాట దాకా పోలేదు.

"మీ పుస్తకాలల్ల గింజలకు గూడ లెక్కుంటదా బిడ్డా?" అని అడిగింది.

"ఉంటది నాయనమ్మా. కందికి ఇరవై రెండు, పల్లికి నలభై, గట్ల."

"అంటే గట్టన్నట్టు."

మా కోయవాళ్లలో గట్లుంటాయి. మూడో గట్టు, నాలుగో గట్టు, అట్లా ఏడో గట్టు దాకా. మాది ఐదో గట్టు. ఒకే గట్టువాళ్లంతా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వాళ్ల మధ్య పెళ్లి మాట ఎత్తడమే మహాపాపం. నాయనమ్మ పట్టుకున్న పోలిక నాకు తెగ నచ్చింది. ఉత్సాహంలో గొంతు పెరిగింది.

"అవ్, గట్టే అనుకో. కాకపోతే మనకు ఉల్టా. ఒక్క గట్టోళ్లే కలవాలె. గట్టు మారితే పిల్లలు గారు."

"ఛీ, పాడు! ఒక్క గట్టోళ్లు కలిసుడేందే?"

"పాడేం లేదు నాయనమ్మా. ఒక్క గట్టోళ్లు కలిస్తెనే మంచిగుంటది" అన్నాను.

కంచె అవతల కన్నమ్మ పెద్దమ్మ వాకిలి ఊడుస్తోంది. ఆమె మా నాయనకు వదిన వరస. ఊడుస్తున్న చీపురు చప్పుడు ఆగిపోయిందని నాకు తర్వాత తట్టింది.

మర్నాడు పొద్దున వాగు ఒడ్డుకు పోయి నాభి తీగ మొదట్లో తవ్వుతుంటే కన్నమ్మ పెద్దమ్మ బిందెతో నీళ్లకు వచ్చింది. ఏం తవ్వుతున్నవే అంది. నాభిగడ్డ అన్నాను. ఎందుకంది. పనుందన్నాను, తల ఎత్తకుండా. చూసేసరికి ఆమె లేదు, బిందె మాత్రం ఒడ్డున ఉంది. ఇంత మతిమరుపు మనిషేమిటా అనుకుని ఆ బిందె నేనే నింపి నెత్తిన పెట్టుకుని, దుంప చున్నీకొసన మూటగట్టి ఇంటికి వచ్చాను. మా వాకిట్లో సగం గూడెం నిలబడి ఉంది. మోకాళ్ల దాకా బురదతో నాయన చేనులో నుంచి పరుగెత్తుకొచ్చాడు. నా మొహం చూడలేదు, చున్నీ మూట వైపే చూస్తున్నాడు.

"ఎవడు వాడు?" అన్నాడు.

"ఎవడేంది?"

"ఎన్నో గట్టోడు?" అని మళ్లీ అడిగాడు.

నా తల నిండా చిక్కుడే ఉంది. "ఇరవై రెండా, నలభై నాలుగా, గదే గద నాయినా తెలవాల్సింది" అన్నాను.

"నలభై నాలుగో గట్టు ఏడున్నదే తల్లీ!" అని కన్నమ్మ పెద్దమ్మ గుండెలు బాదుకుంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వకుండా ఉండాల్సింది. ఆ నవ్వు చూసి పిల్లకు మతి కూడా తప్పిందనుకున్నారు. అడవినాభి దుంప తిన్నవాళ్లు బతకరని మా వైపు పసిపిల్లలకూ తెలుసు. ఒకే గట్టు పిల్లవాణ్ని మనసులో పెట్టుకుని, కుదరదని తెలిసి, నాభిగడ్డ తవ్వుకొచ్చిందని అందరూ తీర్మానించేశారు. ఎవడూ లేడని, ఇది చిక్కుడు వేర్ల కోసమని చెప్పడానికి ఆ పొద్దంతా పట్టింది. నమ్మినవాళ్లు నమ్మారు. నాయన నమ్మాడో లేదో గానీ, అందరూ వెళ్లాక ఒక్కమాట చెప్పాడు. "చదువు పేరు జెప్పి ఇంట్లకు నాభి తెచ్చుడయితే, గా చదువు నాకొద్దు. మల్ల పోయేది లేదు."

నాయనమ్మ దుంప నా దగ్గర గుంజుకుని పొయ్యిలో వేసి, బూడిదతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. నాకు ఒళ్లు మండింది. రెండు నెలలుగా ఈ పని గురించే కలలు కన్నాను, తెచ్చుకున్న దుంపను బూడిద చేసి కూర్చుంది. ఎందుకు చేశావని గట్టిగానే అడిగాను. అప్పుడు చెప్పింది తన చెల్లెలి సంగతి. అంతకుముందు ఆమెకు ఒక చెల్లెలుండేదనే మా ఇంట్లో ఎవరం వినలేదు.

"దాని మనసు ఒక్క గట్టు పిలగాడి మీద పడ్డది. పెద్దలు కూసోని కాదన్నరు. తెల్లారి నాతోని గడ్డలు తవ్వనీకి అడివికొచ్చింది. ఇద్దరం కలిసే తవ్వినం. అది దేని మొదట్ల తవ్వుతున్నదో నేను జూడలే."

ఏటా తొలకరి పడి నాభి మొలక కనబడగానే నాయనమ్మ కంచె పొడుగునా తిరిగి పీకి పారేసేది. పశువులు తింటాయని భయమేమో అనుకునేదాన్ని. ఆ మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను. ఏడుపు అయ్యాక కూడా నా మాట మారలేదు. "నేను చావ నాయనమ్మా. బతుకు మీద నాకు మస్తు ఆశున్నది. గా నాభి నీళ్లు లేకుంటె నా పని గాదు. పని గాకుంటె ఏ ముఖం పెట్టుకొని పోవాలె?" అన్నాను. ఆమె నా మొహం కొంగుతో తుడిచింది. తర్వాత లేచి, చేనుకు పోయి నాయనతో ఏం మాట్లాడిందో ఏమో, సాయంత్రానికి ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. నాయన ఇంకో గడ్డ తవ్వి తెస్తాడు, అది దంచి తీసిన నాభి నీళ్లు నాయనమ్మ చేతిలో ఉంటాయి, నేను ఆమె ముందు తప్ప వాటిని ముట్టరాదు. ఇక నాయన షరతు: "మీ మేడం చెప్పిన నలభై నాలుగు వస్తె పో. రాకుంటె ఇంటికాడుండు."

అట్లా మొదలైంది మా ఇంట్లో కొత్త దినచర్య. పొద్దున గటక తాగగానే నేను తడిగుడ్డ విప్పి, వేలి కణుపంత పెరిగిన తెల్లటి వేర్లు ఏరేదాన్ని. నాయనమ్మ సీసా తెచ్చేది. నేను వేర్లు అందులో వేయగానే మూత బిగించి, ఒళ్లో పెట్టుకుని, మీద కొంగు కప్పి, కట్టె చేతబట్టుకుని తడికకు ఆనుకుని కూర్చునేది. నీడ గుమ్మం దాకా వచ్చిందంటే తీయాల్సిన వేళ. అప్పటిదాకా కోడిపిల్లను కూడా దగ్గరికి రానిచ్చేది కాదు. కన్నమ్మ పెద్దమ్మ కంచె మీద నుంచి తొంగి చూసి, "అత్తా, పిల్లల్ని పొదుగుతున్నవా?" అని ఏడిపించేది. నీడ రాగానే తానే మూత తీసేది, నేను వేర్లు కడిగి, ఉన్నవి ఉన్నట్టు నిలవ ఉండేందుకు, కాలేజీ నుంచి తెచ్చుకున్న స్పిరిటు, ఎసిటిక్ యాసిడ్ కలిపిన ఇంకో సీసాలో వేసేదాన్ని. ఆ ఘాటుకు నాయనమ్మ తుమ్మేది. "విషానికన్న దీనికే ఎక్కువ వాసన" అనేది.

మైక్రోస్కోపు రోడ్డు మీది ఆశ్రమ పాఠశాలలో ఉంది. ముదిగొండ వైపు నుంచి బదిలీ మీద వచ్చి, సెలవుల్లోనూ అక్కడే ఉన్న సైన్సు సారు దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు. ఒకరు వచ్చి అడిగారని ఆయనకే సంతోషమైంది. రోజూ మధ్యాహ్నం నడిచిపోయి, వేరు కొసను గాజుపలక మీద రంగు చుక్కలో పెట్టి, సూదితో చిదిపి, పైన సన్నటి గాజు కప్పి, దీపం మీద వెచ్చజేసి, బొటనవేలితో నొక్కేదాన్ని. గట్టిగా నొక్కితే గాజు పగిలేది, మెల్లగా నొక్కితే పోగులన్నీ ముద్దగా ఉండేవి. బొటనవేలు వాచి గటక ముద్ద పట్టుకోవడం కష్టమైంది. సెలవులు కరిగిపోతున్నాయి, లెక్కకు వచ్చే కణం ఒక్కటీ దొరకలేదు. సారు మర్యాదగా, "మళ్ల ఎండాకాలం వచ్చినప్పుడు చూద్దాంలేమ్మా" అనేవాడు. ఎండాకాలం నేను ఎక్కడుంటానో ఆయనకు తెలియదు. నాకు తెలుసు. మర్నాడు మళ్లీ పోయేదాన్ని.

అట్లా ఉండగా వారం సంత వచ్చింది. నేను వేర్లు సీసాలో వేశాను. ఉప్పు, ఎండుచేపలు తేవాలని నాయనమ్మ సీసాను లోపలి గదిలో పెట్టి, తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుని, నీడ వచ్చేలోపు వస్తానని పోయింది. మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. వాగు పొంగి సంతకు పోయినవాళ్లంతా అవతలే ఆగిపోయారు. తాళం పగలగొట్టమని నాయనను బతిమాలాను. "మా అమ్మ ఏసిన తాళం నేను ముట్ట" అన్నాడు. తెల్లారి ఎండెక్కాక వచ్చింది నాయనమ్మ, తడిచీరతో, ఎండుచేపల వాసనతో. సీసా తెరిస్తే వేర్ల కొసలు అగ్గిపుల్ల తలల్లా ఉబ్బి ఉన్నాయి. పాడైపోయాయనుకున్నాను. పారేయడానికి మనసొప్పక కసిగా వాటినే స్పిరిటులో వేశాను.

ఆ వేర్లలోనే దొరికింది. గాజు కింద ఒక పెద్ద కణం, అందులో పోగులన్నీ ఒకదాన్నొకటి తాకకుండా పరుచుకుని ఉన్నాయి. ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాను. నలభై నాలుగు. మళ్లీ లెక్కపెట్టాను. సారును కూర్చోబెట్టాను. ఆయన పెదవులు కదుపుతూ లెక్కపెట్టి, "నలభై నాలుగేనమ్మా" అన్నాడు. సైకిలు తీసి నాతోపాటు ఇంటిదాకా వచ్చి ఆయనే నాయనకు చెప్పాడు. "మీ చిక్కుడు డబులు" అన్న సారు మాటకు నాయన నవ్వాడు. నాభి రోజు తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. "ఇంకేంది, పో మరి" అన్నాడు నాతో. పొద్దు గూకేలోగా గూడెమంతా మాది డబులు చిక్కుడైంది. కన్నమ్మ పెద్దమ్మ విత్తనం అడిగింది.

మర్నాడు పొద్దున గటక తాగుతుంటే ఆ ఉబ్బిన కొసలు గుర్తొచ్చాయి. చేతిలో గిన్నె కింద పెట్టేశాను. ఆ మందులో ఎక్కువసేపు ఉంటే వేరు కొస ఉబ్బుతుందని, లోపలి పోగులు వాటంతటవే రెండింతలవుతాయని మా పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. నేను చూసిన నలభై నాలుగు చిక్కుడుదేనా, లేక పొంగిన వాగుదా? పైకి అనకపోతే ఎవరికీ తెలియదు. మేడం సంతోషిస్తారు, నాయన పంపిస్తాడు, పీహెచ్‌డీ సీటు వస్తుంది. ఆ మాట నా తలలోకి రాలేదని చెప్పను. కానీ లెక్క మీద అనుమానం పెట్టుకుని తిరగడం నా వల్ల అయ్యే పని కాదు. అది మంచితనం కాదు, వట్టి మొండితనం. లేచి ఇంకో పిడికెడు గింజలు నానబోశాను. ఈసారి నీడ గుమ్మం తాకీ తాకకముందే వేర్లు తీయించాను. ఈసారి అదృష్టం కలిసొచ్చింది, ఒకటి కాదు మూడు కణాలు చక్కగా పరుచుకున్నాయి. మూడింటిలోనూ ఇరవై రెండే. సారు తలపట్టుకున్నాడు. "ఇంట్లో చెప్పేదీ లేనిదీ నీ ఇష్టమమ్మా" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి నాయన కంచె బాగుచేస్తున్నాడు. నాయనమ్మ వాకిట్లో ఎండుచేపల తలలు తీస్తోంది.

"ఇరవై రెండే నాయినా" అన్నాను.

"మొన్న నలభై నాలుగంటివి గద. సారు గూడ జూసిండు."

"గది చిక్కుడు లెక్క గాదు, నాభి లెక్క. కణం రెండుగ చీలాలంటె ముందు లోపలున్నదంత రెండింతలు చేసుకుంటది. నాభి నీళ్లు దాన్ని చీలనియ్యవు. ఇద్దరికి పోవాల్సింది ఒక్కదాన్లనే ఉండిపోతది."

నాయన ఏదో అనబోయాడు. ఈలోపు నాయనమ్మ చేప పక్కన పెట్టింది.

"రాత్రంత నాభిల ఉన్నది గద. చావలేదా?"

"చావలేదు నాయనమ్మా."

"చావకపోంగ రెండింతలైందా?"

"అవ్."

ఆమె మళ్లీ చేప అందుకుంది గానీ తల తీయలేదు, చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చుంది. నాయనకు కోపం రాలేదు, దిగులొచ్చింది. "ఇరవై రెండంటె అందరి చిక్కుడుకున్నన్నే. మరి మీ మేడం తీసుకుంటదా?" అన్నాడు. తెలవదన్నాను. "గిది నాకు జెప్పకుంటె పోయేటిదానివి గదనే పిల్లా" అన్నాడు.

"ఇరవై రెండు పట్టుకొనే పోతా నాయినా. నువ్వు వద్దన్నా పోతా."

నాయనకు ఎదురు మాట్లాడడం అదే నాకు మొదలు. నాయన నా వైపు కాకుండా తల్లి వైపు చూశాడు.

"చావాలనుకునేటోళ్లు గిన్నిసార్లు లెక్కబెట్టర్రా. పోనియ్యి" అంది నాయనమ్మ.

ఇరవై రెండు అనగానే మేడం మొహం మొదట చిన్నబోయింది. తర్వాత రెండు లెక్కలూ, రెండు రకాల వేర్లూ పక్కపక్కన పెట్టి ప్రాజెక్టు రాయించారు. పీహెచ్‌డీ సీటు ఆ ఏడాది రాలేదు, తర్వాత ఇంకో చోట వచ్చింది. మా చిక్కుడు ఆకు ఎందుకంత మందమో నాకు ఇప్పటికీ తెలియదు. పెద్దగా ఉన్నదల్లా రెండింతలు కాదని మాత్రం తెలిసింది. ఇప్పుడు మా ల్యాబులో ఫ్రిజ్ ఉంది, మందు డబ్బాల్లో వస్తుంది, కణాన్ని ఫోనుతో ఫొటో తీసి తెర మీద పెద్దది చేసి లెక్కపెడతారు. బొటనవేలు ఎవరికీ వాయదు. మంచిదే. ఆ అవస్థ మళ్లీ ఎవరూ పడక్కర్లేదు. గూడేనికి తారు రోడ్డు పడింది, కంచెల చోట ముళ్లతీగ వచ్చింది, వాగు ఒడ్డు అడవి సగం పోయి సుబాబులు తోటలయ్యాయి. ఆ సుబాబులూ పప్పుజాతి చెట్టే, దాని లెక్క నూట నాలుగు, దాన్ని లెక్కపెట్టమంటే నా విద్యార్థులు ఏడుస్తారు. ఏడిచినా పెట్టిస్తాను. పుస్తకంలో ఉన్న సంఖ్యే రావాలని ముందే అనుకుని లెక్కపెట్టేవాళ్లను చూస్తే మాత్రం నాకు కోపం ఆగదు. మా కాలేజీలో నా పేరు చెబితే భయపడతారని విన్నాను. పడనీ.

ఆ దసరా సెలవులయ్యాక నేను బయలుదేరిన పొద్దున నాయన సంచి మోసుకుని ముందు నడిచాడు. నాయనమ్మ ఇంట్లో లేదు. ఎక్కడికి పోయిందో అమ్మకు తెలియదు. చెప్పకుండా పోవడమెట్లా అని వాకిట్లోనే తచ్చాడుతుంటే వాగు వైపు నుంచి వచ్చింది, మోచేతుల దాకా మట్టితో. మోదుగాకులో చుట్టిన పొట్లం ఒకటి చేతిలో ఉంది. విప్పింది. నాభిగడ్డ. మొలక విరగకుండా, ఎక్కడా గాటు పడకుండా తవ్వింది.

"మీ బడిల గీ మందు తాళమేసి పెడ్తరన్నవ్ గద. ఇగ నీ తానే ఉంచుకో" అంది.

సంచిలో పెట్టలేదు. నా చెయ్యి పట్టుకుని, అరచేయి తెరిచి, అందులో పెట్టి, నా వేళ్లు ఒక్కొక్కటే మూసింది.